అత్త పేరున పది మేకలు

ఆ ఎండాకాలం మా దొడ్లో చచ్చిన మేకలన్నీ మా అత్తవి. బతికినవన్నీ మా నాన్నవి. ఇదేం పంపకం అని ఎవరైనా అడిగితే చెప్పడానికి మా ఇంట్లో ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో చెప్పాలంటే మసీదు వరండాలో జరిగిన మాటల దగ్గర మొదలుపెట్టాలి.

అప్పటికి నేను డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. ఫలితాలు రాలేదు, ఉద్యోగం రాలేదు, సంబంధాలు కూడా రాలేదు. చేతిలో చీపురు మాత్రం వచ్చింది. పొద్దున్నే మంద బయటికి వెళ్ళగానే దొడ్డంతా పెంటికలు ఊడ్చి కుప్ప చెయ్యడం నా పని. మందని తోలుకెళ్ళడం అత్త పని. ఆ మందకి యజమానిగా ఉండడం నాన్న పని.

మాది ఊళ్ళోకల్లా పెద్ద మంద. మా నాన్నని పేరుపెట్టి పిలిచేవాళ్ళే లేరు, అందరికీ ఆయన పెద్దమందాయన. చెడ్డవాడు కాడు. ఈనబోయే మేక పక్కన గోనెపట్టా వేసుకుని తెల్లవార్లూ కూర్చునే మనిషి. చీకట్లో దగ్గు విని ఏ మేక దగ్గిందో చెప్పేవాడు. అయితే ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆయన చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయేది.

అత్త ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడు పోయాక ఇంటికొచ్చి, దొడ్డి పక్కన మేత వేసే పాకలో ఉండేది. పొద్దు పొడవకముందే మందని తోలుకెళ్ళి పొద్దుగూకాక తెచ్చేది. దానికి కూలి అంటూ లేదు, రెండు పూటలా తిండి. ఆమె కూతురు పదమూడేళ్ళది. సన్నగా, ఉన్నచోట నిలవకుండా తిరిగేదని దాన్ని అందరం ఉడత అనేవాళ్ళం. ఆ ఉడత రోడ్డవతల ఇటుకల బట్టీలో ఉండేది. కాలుతున్న బట్టీ పైన బూడిద పరిచే పని. "ఒక నోరంటే సాకుతాను, రెండు నోళ్ళంటే నావల్ల కాదు" అని నాన్న అన్న వారంలోనే దాన్ని అక్కడికి పంపారు. నెలకోసారి వచ్చేది. జుట్టంతా బూడిద పట్టి, వచ్చీ రాగానే నిద్రపోయేది. దాని తలలో బూడిద దువ్వుతూ అత్త ఎప్పుడూ ఒకటే మాట: "నాలుగు పాడి మేకలుంటే చాలే, నిన్ను ఇంటికి తెచ్చేసుకుంటాను."

కలిగినవాళ్ళు తమ సొత్తులో ఒక వంతు లేనివాళ్ళకి ఇచ్చి తీరాలి, అదే జకాత్. మా ఊళ్ళో అది ఏడాదికోసారి జరిగే తంతు. మందలున్నవాళ్ళు తలా ఒకటో రెండో మేకలు ఇచ్చేవాళ్ళు. వాటిని సంతలో అమ్మేవాళ్ళు. వచ్చిన డబ్బు మసీదు గుమ్మం ముందు చాచిన చేతులన్నిటికీ పంచేవాళ్ళు. ఒక్కో చేతికి వారం పిండికి సరిపడా పడేది. ఇచ్చేవాళ్ళలో అందరికంటే ముందు మా నాన్న, పుచ్చుకునేవాళ్ళలో అందరికంటే వెనక మా అత్త. ముసుగు ముక్కుదాకా లాక్కుని, అన్న కంట పడకుండా గోడవారన నిలబడేది. వాళ్ళిద్దరి మధ్యా ఊరంతా ఉండేది కాబట్టి ఇద్దరి పరువూ నిలిచేది.

ఆ ఏడు మసీదుకి కొత్త ఇమాం వచ్చాడు. కుర్రవాడు, నెమ్మదస్తుడు, కానీ పట్టిన మాట వదలడు. పెద్దల్ని వరండాలో కూర్చోబెట్టాడు. ఆడవాళ్ళం అడ్డగోడకి ఇవతల.

"ఏటేటా అవే చేతులు, అవే చిల్లర నాణేలు," అన్నాడు. "పుచ్చుకున్నవాడు మళ్ళీ ఏడాదికి అక్కడే నిలబడుతున్నాడంటే మనం ఇచ్చింది అన్నమే, బతుకు కాదు. ఈసారి మేకల్ని అమ్మొద్దు. ఆడ మేకల్నే తీసుకుందాం. ఊరందరికీ చిటికెడు చిటికెడు పంచడం మాని నాలుగిళ్ళని ఎంచుకుని ఇంటికి నాలుగేసి ఇద్దాం. వచ్చే ఏడు ఇంకో నాలుగిళ్ళు. ఈ నాలుగిళ్ళవాళ్ళూ మళ్ళీ మన గుమ్మం తొక్కరు. అల్లా తలిస్తే ఏదో ఒకనాటికి వాళ్ళే ఇచ్చే వరసలో నిలబడతారు."

"ఈలోగా కోసుకు తినేస్తే?" అన్నాడు వడ్రంగి.

"తింటే వాళ్ళిష్టం. ఇచ్చాక అది వాళ్ళ సొత్తు. ఇచ్చి, మళ్ళీ దానికి తాడు కట్టి మన చేతిలో పట్టుకుంటే అది ఇచ్చినట్టు కాదు."

మా నాన్న గెడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంది బాబూ. బీదవాళ్ళందరినీ మేకలవాళ్ళని చేస్తే, మా మేకల్ని కాసేదెవరు?"

అందరూ నవ్వారు. ఇమాం కూడా కాస్త నవ్వాడు. అడ్డగోడకి ఇవతల మా అమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వులాటకి చెప్పిన మాట కాదది," అంది నా చెవిలో.

నాలుగిళ్ళు ఎంచారు. గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగే గాజులామె, చూపు పోయిన దర్జీ ఇల్లు, మరొక ఇల్లు, మా అత్త. తోబుట్టువుకి జకాత్ చెల్లుతుందా అని ఎవరో అనుమానం లేవదీశారు. "కన్నవాళ్ళకీ, కన్నపిల్లలకీ చెల్లదు. తోడబుట్టినవాళ్ళకి నిక్షేపంగా చెల్లుతుంది," అన్నాడు ఇమాం. ఆ సాయంత్రం అత్త మందతో తిరిగొస్తుంటే దూరాన్నుంచే తెలిసిపోయింది, ఎన్నడూ లేంది కూనిరాగం తీస్తోంది. దొడ్లోకి వచ్చి నా పక్కన కూలబడి, ఎలాంటి మేకల్ని అడగాలో చెప్పడం మొదలుపెట్టింది. రెండు చూడివి, ఒకటి పాలిచ్చేది, ఒకటి ఇంకా ఈనని ఆడపిల్ల. ఉడత ఏ మూల పడుకోవాలో, ఆ మూల ఏ కంత పూడ్చాలో కూడా చెప్పింది.

లెక్కింపు రోజు పొద్దున్నే నాన్న చిన్న ముంతలో నీలిరంగు కలుపుతున్నాడు. గుడ్డపేలిక ముంచి కొన్ని మేకల కొమ్ములకి పూస్తున్నాడు.

"ఎందుకన్నా రంగు?" అంది అత్త.

"గుర్తుకి."

దేని గుర్తుకో చెప్పలేదు, ఆమె అడగలేదు. మందల మీద జకాత్ లెక్క పిల్లలకి కూడా తెలుసు. నలభై నుంచి నూట ఇరవై దాకా ఒక మేక. నూట ఇరవై దాటితే రెండు. మావి ఆ గీతకి కాస్త అవతలున్నాయి.

ఇమాం ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముళ్ళకంచెలో మనిషి పట్టేంత సందు తీసి, ఒక్కొక్క మేకనీ అందులోంచి వదిలారు. అత్త అటు నిలబడి తోలుతోంది, నేను ఇటు నిలబడి పట్టుకుంటున్నాను. పెద్దలు గులకరాళ్ళు పక్కకి వేస్తున్నారు. నీలి కొమ్ములది మొదటిది రాగానే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది లెక్కలో వెయ్యకండి. ఈ రంగు పూసినవి నావి కావు. పది ఉన్నాయి. మా చెల్లెలివి."

గులకరాయి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. ఇమాం అత్త వైపు తిరిగాడు.

"ఇవి మీవేనా అమ్మా?"

అత్త అన్న వైపు చూసింది. అన్న కంచె ముల్లు ఒకటి విరిచి దాని కొసని చూస్తున్నాడు. ఆమె ఉంటున్న పాక ఆ కంచెలోదే. అప్పటికి ఆమెకి తట్టింది అంతే: కాదంటే నలుగురిలో అన్న తల దించుకోవాలి.

"నావే," అంది.

"అమ్మా, కలిసున్న మందని జకాత్ తప్పించుకోడానికి విడదియ్యకూడదు. అందుకని మళ్ళీ అడుగుతున్నాను. బాగా ఆలోచించి చెప్పండి."

"మా అన్న అబద్ధమాడతాడా అయ్యా?"

ఆ మాటకి నాన్న చేతిలో ముల్లు విరిగింది. లెక్క పూర్తయింది. ఒక మేక చాలని తేలింది. నాన్న ఒక ముసలిదాన్ని ముందుకి తోశాడు. ఇమాం దాన్ని పక్కన పెట్టి మధ్యరకందాన్ని ఎంచుకున్నాడు. ఆ తరవాత నీళ్ళతొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"అమ్మా, మీకు ఇంకో మాట చెప్పాలి," అన్నాడు చివరికి. "పది మేకలు సొంతంగా ఉన్న మనిషికి జకాత్ ఇవ్వడానికి లేదు. మీకని అనుకున్న నాలుగూ ఇంకొకరికి పోతాయి."

నేను నాన్న మొహం చూశాను. ఈ సంగతి ఆయనకి ముందే తట్టలేదని ఆ మొహం చెప్పింది. కనీసం నాకు అలా కనబడింది. నోరు కొంచెం తెరుచుకుంది. అప్పుడు ఒక్క మాట చాలు: లెక్క తప్పు చెప్పాను, అవి నావే, ఇంకొక మేక పట్టుకెళ్ళండి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందనే ఇప్పటికీ అనుకుంటాను. నోరు మూసుకుపోయింది.

"సరేనయ్యా," అంది అత్త. ముసుగు సర్దుకుంది. "ఎండెక్కుతోంది. మందని తోలుకెళ్ళనా?"

ఆ పూట అన్నాల దగ్గర అమ్మ ఊరుకోలేదు.

"ఒకటి మిగుల్చుకుని నాలుగు పోగొట్టావు. నీకు లెక్కలొచ్చని ఊరంతా అంటారు."

"పోయినవి నావి కావుగా," అన్నాడు నాన్న.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. తరవాత ఆయన కంచంలో వడ్డించకుండా గిన్నె ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది. ఆ వేసవంతా ఆయన తనకి తానే వడ్డించుకుని తిన్నాడు.

రెండు రోజులు ఆగి అత్త అడిగింది. నేను అక్కడే పొదుగులు కడుగుతున్నాను.

"అన్నా, పదీ వద్దు. నాలుగు ఇయ్యి. మిగతా ఆరూ నీవే."

"పిచ్చిదానా, మాటవరసకి అన్నదాన్ని పట్టుకుంటావా?"

"పదిమందిలో అన్నావు."

"నువ్వూ పదిమందిలోనే నావే అన్నావు. అందులో నీకూ సగం ఉంది," అని నవ్వాడు నాన్న. తరవాత చెల్లెలి మొహం చూసి గొంతు తగ్గించాడు. "వానలు పడనీ. ఈనిన పిల్లల్లో నీకు ఇస్తాలే. నేనెక్కడికి పోతాను, నువ్వెక్కడికి పోతావు."

అత్త వంతు నాలుగూ దర్జీ పక్కింటికి వెళ్ళాయి. గాజులామె వంతు నాలుగూ మా వీధి మొగలోనే కట్టారు. ఆమెకి చేతికి ఏ గాజు ఎక్కుతుందో చూపుతోనే తెలుసు గానీ, మేకకి ముందేదో వెనకేదో తెలియదు. మొదటి రోజు పాలు పితకబోతే మేక గిన్నె తన్నేసింది. ఏడుపు మొహంతో మా దొడ్డికి వచ్చింది.

"వదినా, ఇదేదో నా మీద పగబట్టింది. నువ్వొచ్చి దానికి బుద్ధి చెప్పు."

"దానికి కాదమ్మా, నీకే చెప్పాలి. చన్నీళ్ళ చేత్తో పొదుగు పట్టుకుంటే తన్నక ముద్దు పెట్టుకుంటుందా," అంది అత్త. వెళ్ళి చూపించింది. ఆ తరవాత రోజూ మందని తోలుకొచ్చాక అటే వెళ్ళేది. చూడి మేకకి ఏం పెట్టాలో, కడుపుబ్బితే ఏ పక్క నొక్కాలో, పిల్ల అడ్డం తిరిగితే చెయ్యి ఎలా పెట్టాలో చెప్పేది. తనకి రావలసిన మేకల గురించి ఒక్క మాట అనేది కాదు. గాజులామెకి జరిగింది తెలుసు. అందుకే గాజులామె కూడా ఒక్క మాట అనేది కాదు. ఒక సోలెడు పాలు మాత్రం అత్త కొంగు కింద పెట్టి పంపేది.

ఇమాం ఆ నాలుగిళ్ళవాళ్ళ చేతా మొదట్లోనే ఎండాకాలం మేతకని తుమ్మకాయలు ఏరించి, మసీదు వెనక కొట్లో పోయించాడు. పాలు టీ కొట్టుకి పోయడానికి మాట్లాడాడు. గాజులామె పిల్లలు ఆ వేసవిలో మొదటిసారి పాలు తాగి మూతులు తుడుచుకోవడం చూశాను.

ఎండలు ముదిరాయి. చెరువు అడుగున బురద పెచ్చులై చుట్టుకుపోయింది. నాలుగు మేకలున్న ఇంట్లో వంటింటి తొక్కలూ, గుప్పెడు కాయలూ వేసినా రోజు గడుస్తుంది. పెద్ద మందకి అలా కాదు, రోజుకి ఒక గుట్ట పచ్చిక కావాలి. అత్త రోజురోజుకీ దూరం పోయింది. మేకలు ఎముకల గూళ్ళయ్యాయి. కొమ్మకి అందక, వెనక కాళ్ళ మీద లేవలేక, చెట్టు మొదట్లో మోకరిల్లి చచ్చేవి.

మొదటిది చచ్చినప్పుడు నాన్న దాన్ని కాలితో తిప్పి చూశాడు.

"అయ్యో, నీదేనే," అన్నాడు అత్తతో.

"దీని కొమ్ముకి రంగేదన్నా?"

"ఎండకి పోయుంటుంది."

అక్కడినుంచి అదే వరస. దాంట్లో ఒక కిటుకు కూడా ఉంది. మేక దానంతట అది చస్తే మాకు తినకూడదు, అమ్మకూడదు. తోలుకి నాలుగు డబ్బులొస్తే వస్తాయి. అదే ఊపిరుండగా అల్లా పేరు తలిచి కోస్తే మాంసం అమ్ముకోవచ్చు. అందుకని నాన్న మొలలో కత్తి పెట్టుకునే తిరిగేవాడు. ఏ మేకైనా తూలిందంటే చాలు పరుగెత్తేవాడు. కత్తి అందితే అది నాన్నది. కత్తి అందేలోగా కళ్ళు తేలేస్తే అది అత్తది.

"మీ అన్నకి న్యాయం తెలుసు. ఉన్నవి ఆయనవి, పోయినవి నీవి," అంది అమ్మ ఒకసారి అందరూ వింటుండగా.

అత్తకి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒక మధ్యాహ్నం బట్టీ నుంచి ఇటుకల గాడిదల్ని తోలేవాడు మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు, నీళ్ళడగలేదు. "మీ పిల్ల కాలు బట్టీలో దిగబడింది" అని చెప్పి తల దించుకున్నాడు. బూడిద పైకి చల్లగా కనబడుతుంది, కింద నిప్పు. ఎక్కడ పొర పలచబడిందో అడుగు వేసేదాకా తెలియదు. ఉడత బరువెంత. ఆ బరువుకి కూడా పొర ఆగలేదు.

నేను చేల మీద పడి పరుగెత్తి అత్తకి చెప్పాను. ఆమె కర్ర నా చేతిలో పెట్టింది. ఆ పెట్టడం కూడా మెల్లగా పెట్టింది. తరవాత పరుగు తీసింది.

ఆసుపత్రిలో మూడు కాలివేళ్ళు తీసేశారు. ఇమాం చూడ్డానికి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, జకాత్ డబ్బులోంచి మీకు ఇవ్వడానికి..." అని ఆగిపోయాడు.

"తెలుసయ్యా. నేను పది మేకల మనిషిని."

ఆయన తన జేబులోది తీసి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా నాన్న కూడా వచ్చాడు. మందలోకల్లా మంచి పోతుని అమ్మి మందులకి కట్టాడు. ఉడత తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసిరాడు. పిల్ల నిద్రలో మూలిగినప్పుడల్లా ఆయన మొహం బిగుసుకుపోయేది. ఆ రోజు ఆయన్ని చూసి జాలిపడ్డాను. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ అత్తతో అన్నాడు: "ఆ పోతు కూడా నీ లెక్కలోదేనమ్మా. ఇంక నీవి రెండు మిగిలాయి."

అత్త పాకలో ఉడతకి పక్క వేసింది. తను పూడుస్తానన్న కంత ఉన్న మూలలోనే వేసింది. ఆ కంత ఇంకా అలాగే ఉంది. అందులోంచి పడే ఎండ ముక్క పిల్ల మొహం మీదికి రాకుండా అడ్డంగా గోనె కట్టింది.

చివరికి వానలు పడ్డాయి. చచ్చినవీ కోసినవీ కలిపి మందలో మూడో వంతు పోయాక పడ్డాయి. జకాత్ మందలకే కాదు, వ్యాపారం సొమ్ముకీ ఉంటుంది, ఎవరి ఏడాది నిండినప్పుడు వాళ్ళు ఇస్తారు. వానల మొదట్లో నిండింది తోళ్ళ వ్యాపారికి. కరువు ఆయనకి పంట. ఊళ్ళో చచ్చిన ప్రతి మేకా ఆయన గోదాములోనే తేలింది. ఆయన ఇచ్చినదానితో ఇమాం ఇంకొన్ని ఆడ మేకల్ని కొన్నాడు. అందులో నాలుగింటిని తోలుకుని, ఆ పెద్దలిద్దరితో మా దొడ్డికి వచ్చాడు. దర్జీ పక్కింటివాళ్ళూ, గాజులామే, ఇంకొందరూ వెనకే వచ్చారు. ఉడత గుంజకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడింది.

"అమ్మా," అన్నాడు ఇమాం, "మీ మేకలు చాలా పోయాయని విన్నాను. ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదయ్యా."

"రెండున్నాయిగా," అన్నాడు నాన్న. అని, నాలిక కరుచుకున్నాడు.

"ఉండేవి," అంది అత్త. "ఆ రెండూ మా అన్నకి ఇచ్చేశాను."

అత్త గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. సంతలో బేరం కుదిరిపోయాక మాట్లాడేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది.

"నాకు జకాత్ ఇవ్వకూడదన్నారు గానీ, నేను దానం ఇవ్వకూడదని మీరు అనలేదుగా. తోడబుట్టినవాడికి ఇస్తే చెల్లుతుందా చెల్లదా?"

"చెల్లుతుందమ్మా," అన్నాడు ఇమాం మెల్లగా. "అయినవాళ్ళకిస్తే రెండింతల పుణ్యం."

"ఈ వేసవంతా చూశాను. ఈ ఇంట్లో అందరికంటే ఆయనకే లేమి అనిపించింది. అందుకని ఇచ్చాను."

ఇమాం అక్కడితో ఆగలేదు. కుర్రవాడైనా పట్టిన మాట వదిలే మనిషి కాదని ముందే చెప్పాను.

"ఇచ్చానని ఒకరంటే చాలదు. పుచ్చుకున్నానని రెండోవారు ఒప్పుకోవాలి," అని నాన్న వైపు తిరిగాడు. "మీ చెల్లెలు ఇచ్చిన దానం మీరు పుచ్చుకున్నారా?"

మా నాన్న ముందు నుయ్యి, వెనక గొయ్యి. పుచ్చుకోలేదంటే ఆ రెండు మేకలూ ఆమెవే అవుతాయి. అవి ఉంటే ఈ నాలుగూ మళ్ళీ ఆమె చెయ్యి జారతాయేమో. అసలు అవి ఎప్పుడూ ఆమెవి కావంటే, మొదటినుంచీ మొత్తం విప్పాలి. గాజులామె చంకలో పిల్ల ఏదో అడగబోతే ఆమె దాని నోరు మూసింది. అమ్మ గడపలో నిలబడి ఉంది.

"పుచ్చుకున్నాను," అన్నాడు నాన్న.

ఇచ్చినవాళ్ళ కోసం దువా చెయ్యడం రివాజు. ఇమాం రెండు చేతులూ ఎత్తాడు. దేవుడా, ఈ ఇచ్చిన చేతిని చల్లగా చూడు, ఈమె సొత్తుని పెంచు అని అత్త కోసం వేడుకున్నాడు. అందరూ ఆమీన్ అన్నారు. నాన్న కూడా అన్నాడు. అనకపోతే ఎలా.

ఆ సాయంత్రమే అత్త తన మూటతో, ఆ నాలుగు మేకలతో, కూతురితో గాజులామె దొడ్లోకి మారిపోయింది. వెళ్తూ వెళ్తూ పాక ఊడ్చి, చీపురు నాకిచ్చింది. మా అమ్మని కావలించుకుని, "వదినా, నువ్వు రా, వస్తూ ఉండు," అంది. అన్నతో చెప్పలేదు. ఆయన దొడ్డి వెనక ఉన్నాడు, ఎవరూ పిలవలేదు.

మర్నాడు పొద్దున్న నాన్నే కర్ర పట్టుకున్నాడు. వెనక నేను. మంద వీధి మొగదాకా బాగానే నడిచింది. గాజులామె ఇంటి ముందు ఆగిపోయింది. లోపల అత్త పాలు పితుకుతోంది. గిన్నెలో పడే ధారల చప్పుడు వీధిలోకి వినబడుతోంది. మేకలన్నీ చెవులు అటు తిప్పి, తలుపు వైపు చూస్తూ నిలబడ్డాయి.

నాన్న మందకి ఎదురుగా వచ్చి అదిలించాడు. కర్ర నేలకేసి కొట్టాడు. ఒక్కటీ కదలలేదు. నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు బిందెలతో ఆగి, దారి లేక గోడవారకి జరిగారు. లోపల పాల చప్పుడు ఆగింది. నాన్న తలుపు వైపు తిరిగాడు. మళ్ళీ మొదలైంది. అత్త బయటికి రాలేదు.

కాసేపటికి ఉడత వచ్చింది. కర్ర ఊతంతో, కట్టు కట్టిన కాలు నేలకి ఆనకుండా ఎత్తుకుని, గడప దాటి అరుగు అంచున నిలబడింది. మా నాన్న వైపు చూసింది. దాని చూపులో ఏమీ లేదు, పిల్లలు పెద్దవాళ్ళకి తెలియనిది చెప్పేటప్పుడు ఉండే ఓపిక తప్ప.

"మామా, కాస్త పక్కకి జరుగు," అంది. "నువ్వు ఎదురుగా నిలబడితే అవి కదలవు."

నాన్న పక్కకి జరిగాడు.